మూతి కుట్టుకు చోటు

చిలకలూరిపేట,
9 ఆగస్టు 2004.

మా బంగారుతల్లి గుల్షన్‌కు నానమ్మ దీవెనలు.

రొంప తగ్గిందా? నీ గదిలో ఉండే భవ్యకు కడుపునొప్పి అన్నావు, డాక్టరు దగ్గరకు వెళ్లిందా, సోడా తాగి ఊరుకుందా? మీ ఇంటి ఓనరమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఇక్కడ మీ నాన్నకు నడుం పట్టేసింది. లారీ నడిపేవాడికి మామూలేనంటాడు. మీ అమ్మ బాగానే ఉంది, కాకపోతే బాగానే ఉన్నానని మరీ ఎక్కువసార్లు అంటోంది, అదే నా భయం. మీ తాత దూది ఏకడం మానడు, దగ్గు ఆయన్ని మానదు. నా సంగతి అడగకు. నువ్వు ఫోన్ చేసిన దగ్గర్నుంచీ నాకు ముద్ద దిగడం లేదు.

"ఈ పని నాకు చేతకాదు నానమ్మా, మానేసి వచ్చేస్తాను, నాన్నకు చెప్పకు" అన్నావు. చెప్పలేదు. ఫోనులోనే మళ్లీ అడుగుదామంటే అది నట్టింట్లో ఉంది, మీ తాత చెవి దాని పక్కనే ఉంది. అందుకే ఈ ఉత్తరం. నువ్వు చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇంతే. కంప్యూటరు అడుగున ఉండి మొత్తాన్నీ నడిపించే కెర్నల్ అనే ప్రోగ్రాము ఒకటి ఉంది. దేశదేశాల వాళ్లు కలిసి రాస్తున్నారు. అందులో పాతవాళ్లు రాసినచోట నువ్వు ఏదో సరిచేసి పంపావు. "ఇది ఉన్నదాన్ని ఇంకా చెడగొట్టింది" అని ఒక పెద్దాయన అందరూ చదివేచోట రాశాడు. పోలీసులు వస్తారా అని నేనడిగితే నువ్వు నవ్వావో ఏడ్చావో తెలియలేదు.

శుక్రవారం మీ నాన్న వచ్చి స్పిన్నింగు మిల్లులో మిషను ఆగిపోయిందన్నాడు. ఇది మన పిల్ల చేసిందే అనుకున్నాను. "బెల్టు తెగిందమ్మా, నీకెందుకు అంత చెమట?" అన్నాడు. అప్పటికి ఊపిరి తీసుకున్నాను.

తల్లీ, నలుగురి నోట్లో పడి అక్కడ ఉండడం ఎందుకు? వచ్చెయ్యి. మన వీధి చివర ఆదెయ్య కంప్యూటరు నేర్పే షాపు పెట్టాడు. నీ పేరు ఎత్తగానే "గుల్షన్ వస్తానంటే రేపే కుర్చీ వేయిస్తాను పెద్దమ్మా" అన్నాడు. అక్కడ ఏం తప్పు చేసినా ఈ వీధి దాటదు. నిన్ను ఇంజనీరింగ్‌కు పంపేటప్పుడు అందరూ సంబరపడ్డారు, నేనొక్కదాన్నే భయపడ్డాను. ఆ భయం ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు. ఇంత ఎత్తు ఎక్కిన పిల్ల జారితే పట్టుకునే చెయ్యి మన ఇంట్లో ఎవరికి ఉంది? మీ తాతకూ నాకూ తెలిసింది పరుపులు కుట్టడమే. వెంటనే జవాబు రాయి.

నీ నానమ్మ,
జోహరాబీ


చిలకలూరిపేట,
16 ఆగస్టు 2004.

చిరంజీవి గుల్షన్‌కు,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. కార్డు మీద రాస్తున్నాను కనుక ఆ విషయం రాయను, పోస్టుమాన్ చదువుతాడు. చదివితే చదివావు నాయనా, త్వరగా అందించు. ఆదెయ్య కుర్చీ సంగతి అడుగుతున్నాడు. మీ తాత "ఏమే, ఎవరు పోయారని ఆ మొహం?" అంటున్నాడు. అలాంటి మాటలు అనకూడదని పోట్లాడాను. రొంప తగ్గిందా లేదా, అదన్నా రాయి.

నీ నానమ్మ


చిలకలూరిపేట,
25 ఆగస్టు 2004.

మా గుల్షన్ తల్లికి నానమ్మ వేయి ముద్దులు.

నీ ఉత్తరం అందింది. కవరు చేతిలోకి రాగానే బరువుగా ఉందని హడలిపోయాను, చెడ్డ కబురు అయితేనే ఇన్ని కాగితాలు పడతాయని. మొదటి కాగితంలోనే "మానడం లేదు నానమ్మా" అని ఉంది. అక్కడే అరుగు మీద కూలబడి ఏడ్చాను. మీ తాత దూది ఏకే బద్ద వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఇంక దాచేదేముందని మొత్తం గట్టిగా చదివి వినిపించాను. ప్రోగ్రాములో వాడే ఫంక్షన్లంటూ నువ్వు రాసిన పేర్లు నా నోటికి తిరగలేదు. అందుకని పాతది, రెండోది, మూడోది అనుకుంటూ చదివాను.

మాటల్నీ అంకెల్నీ పేర్చి ఒక జాగాలో పెట్టడం వాటి పని అని రాశావు. పాతది జాగా ఎంతుందో చూడదు, కూరుకుంటూ పోతుంది, పక్కవాళ్ల చోటులోకి పొర్లి మిషనే ఆగుతుంది. అది తీసేసి నువ్వు పెట్టిన రెండోది జాగా చూసుకుని ఆగుతుంది. మరి తప్పెక్కడంటే, తాత పరుపు నింపడం గుర్తు చేసుకో నానమ్మా అన్నావు. అక్కడ నాకు నవ్వాగలేదు.

పొడుగాటి పరుపు గలేబు పట్టుకుని నేను "ఎంత నిండింది?" అని అడుగుతాను. ఈయన నిండింది చెప్పడు. తాను తెచ్చిన దూదంతా పట్టి ఉంటే ఎంత నిండేదో అది చెబుతాడు. "నాలుగు మూరలు!" అని కేక. గలేబే మూడు మూరలు. ఆ మాట నమ్మి తర్వాతి దూది నాలుగో మూర దగ్గర పెట్టబోతే అది అరుగు మీద పడుతుంది. నీ రెండోది కూడా అచ్చం అంతేనట. ఆగడం సరిగ్గానే ఆగుతుంది, లెక్క మాత్రం పట్టాల్సినదాన్ని చెబుతుంది. నువ్వు ఆ లెక్క నమ్మి తర్వాతి మాటను అక్కడ మొదలుపెట్టావు, అది జాగా బయట పడింది. ఆ పెద్దాయన కోప్పడింది దానికి.

ఇది చదివేసరికి మీ తాత లేచి నిలబడ్డాడు. "నేను అబద్ధం చెప్పానా? ఉన్న దూది చెప్పాను. దానికి సరిపడా గలేబు కుట్టకపోవడం నీ తప్పు!" అన్నాడు. తర్వాతి కాగితం తిప్పితే నువ్వూ అదే రాశావు, ఎంత పెద్ద జాగా కావాలో ముందుగా తెలుసుకోవాలంటే ఆ రెండో దాన్నే అడగాలని. ఇంక ఆయన్ని పట్టడం నా వల్ల కావడం లేదు. టీ కొట్టు దగ్గర కరీముల్లాతో "నా లెక్క కంప్యూటర్లో కూడా ఉందిరా" అని చెబుతున్నాడట. పోనీలే, దగ్గు మర్చిపోయాడు.

ఆ పెద్దాయన మళ్లీ ఉత్తరం రాసి, తనూ ఒకప్పుడు ఇదే పొరపాటు చేశానన్నాడని చదివినప్పుడు, ఎవరో తెలియని మనిషికి మనసులోనే దండం పెట్టుకున్నాను. చాలామంది అలాగే పడ్డారు కనుకే నిజంగా లోపలికి వెళ్లినంతే చెప్పే మూడోది పెట్టారని, దానితో ఇంకోసారి చేసి పంపమని అన్నాడా! నువ్వు పంపడం, వాళ్లు ఒప్పుకోవడం, కింద నీ పేరు ఉండిపోవడం అన్నీ అయిపోయాయి. నేనిక్కడ కుర్చీ వేయిస్తున్నాను. పేరు ఉందంటే రేపు ఏదన్నా అయితే నిన్నే అడుగుతారేమో అని ఒక భయం వచ్చింది కానీ, ఆ భయం తర్వాత పడదామని పక్కన పెట్టాను. రెండు రోజులుగా అన్నం తింటున్నాను. మీ నాన్నకు కూడా చెప్పేశాను. "దీనికా అమ్మా ఆ చెమట!" అని నడుం పట్టుకుని మరీ నవ్వాడు. ఆదెయ్య దగ్గరకు వెళ్లి కుర్చీ తీసెయ్యమన్నాను. "ఇంకా కొననే లేదు పెద్దమ్మా" అన్నాడు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చదవలేకపోయాను. మీ తాత చదవమని గోల చేసినా చదవలేదు. ఎంత కూరినా చివర్లో ముగింపు గుర్తుకు ఒక్క చోటు వదలాలని, చాలామంది అది మర్చిపోతారని, నువ్వు రాసిన వాటిలో ఆ తప్పు ఒక్కటీ లేదని రాశావు. "పరుపు మూతి కుట్టుకు నాలుగు వేళ్లు వదలమనే నీ పక్కన కూర్చుని పెరిగాను నానమ్మా" అన్నావు. నిన్ను పట్టుకునే చెయ్యి మనింట్లో లేదని రాశాను చూడు, ఆ ముక్క చింపేసెయ్యి.

సరిచేయాల్సిన చోట్లు ఇంకా ఉన్నాయి, ఇప్పట్లో రాలేనన్నావు. రావద్దు. మేమే వస్తాం. గుంటూరు దాటి ఎరగని దాన్ని, బస్సులో కళ్లు తిరుగుతాయని, దిగేచోటు దాటిపోతుందని, మీ తాత మధ్యలో టీకి దిగి మళ్లీ బస్సెక్కడేమోనని అన్ని భయాలూ ఉన్నాయి. అయినా వస్తాను. భవ్య చాప మీద పడుకుంటే కడుపునొప్పి రాక ఏమవుతుంది? ఆ పిల్లకూ నీకూ చెరో పరుపు కుట్టాం. ఈసారి ఆయన కేకేసిన లెక్క వినలేదు, చెయ్యి లోపలికి పెట్టి చూసుకుని మరీ మూతి కుట్టాను. పరుపులు మీ నాన్న లారీలో ముందే చేరతాయి, విప్పి ఎండలో వెయ్యి. మేము పొద్దున్నే బస్సెక్కుతాం, సాయంత్రానికి దిగుతాం. నువ్వు బస్టాండులో కనపడకపోతే నా ప్రాణం పోతుంది, కాస్త ముందే వచ్చి నిలబడు. సెప్టెంబరు నాలుగు, శనివారం.

నీ నానమ్మ,
జోహరాబీ