పూడిక తీసినవాళ్ళకే భోజనం

బంధువులంతా మోకత్త అని పిలిచే నేను, వయసు ఎనభై ఒకటి, భర్త పోయాక పుట్టింటికి చేరి పెరట్లోని బావి పక్క గదిలో ఒంటరిగా ఉంటున్నదాన్ని, చదువు రాదు కనుక రాతగాడి చేత ఈ వీలునామా రాయిస్తున్నాను. నా మతి స్థిరంగా ఉంది. తప్పిందని చాటుతున్న మా అన్న కొడుకు, సిమెంటు కొట్టు యజమాని, ఈ మాట మళ్ళీ ఓసారి చదువుకోవాలి.

మా వాళ్ళంతా ఏటా వేసవిలో నా పెరట్లో కలుస్తారు. మా అన్న ప్రేమకొద్దీ మొదలుపెట్టిన ఆత్మీయ సమ్మేళనమట. మైకులో చెబుతారు. ప్రేమా లేదు, పాడూ లేదు. ఉన్నది అందరికీ ఒకే బావి. నీళ్ళు అడుగంటినప్పుడు పూడిక తీయడానికి మా నాన్న అన్ని ఇళ్ళవాళ్ళనీ పిలిచేవాడు. బురద తట్టలు మోసినవాళ్ళకి మా అమ్మ అన్నం పెట్టేది. అంతే. తరవాత కూలీలను పెట్టారు. ఆ తరవాత కూలీలనీ మాన్పించారు, భోజనాలు మాత్రం మానలేదు. ఇప్పుడు బావిలో బురద, బావి మీద బ్యానరు, చేతులు కడగడానికి ట్యాంకరు.

1. నాన్న నా పేర రాసిన పెరడు, బావి అన్న కొడుక్కి చెందవు. బావి పూడ్చి, పైన వాళ్ళ నాన్న పేరుతో వేదిక కట్టిస్తాడట. "నీ ఫోటో కూడా ఓ మూల పెట్టిస్తాలే అత్తా" అన్నాడు. అతనికి నా ప్లాస్టిక్ కుర్చీలు ఇస్తున్నాను. కూర్చోవడంలో అతన్ని మించినవాడు లేడు.

2. మా అన్న ఒక్కడే బావిలోకి దిగేవాడని గొప్పలు పోతారు. దిగిన మాట నిజం. పైన మోకు పట్టింది నేను. ఓ ఏడు అన్న లోపలుండగా గట్టు విరిగి పడితే, అరచేతుల తోలు ఊడినా వదల్లేదు. పైకొచ్చి, "మెల్లగా లాగలేవుటే" అన్నాడు. చచ్చేదాకా దాని గురించి ఇంకో మాట లేదు.

3. ఆ రోజు నా చేతులకి గుడ్డలు కట్టి, అవి మానేదాకా అన్నం కలిపి తినిపించిన మా మరదలికి, అంటే తమ్ముడి భార్యకి, నా ఇత్తడి చెంబు, మెత్తని దుప్పటి.

4. పెరడు, బావి, గిలక, మోకు ఆమె కూతురికి. టైలరు పని చేసుకునే పిల్ల. పోయిన ఏడు అందరూ ఫోటోకి నిలబడితే, అది బావిలోకి తొంగి చూసి, "అత్తా, తట్టలెక్కడ?" అంది. అన్న కోడళ్ళు కిసుక్కున నవ్వి, "చీర పాడవుతుందే పిచ్చిదానా" అన్నారు. అది కొంగు బిగించి దిగింది. మోకు నేనే పట్టాను. సాయంత్రానికి ఊట కనబడింది. అప్పటికి ఫోటో వాళ్ళంతా వెళ్ళిపోయారు.

5. షరతు: ఇకమీదట కలవడం పూడిక రోజునే. తట్ట ఎత్తనివాళ్ళకి పళ్ళెం లేదు. ముసలివాళ్ళకీ చంటిపిల్లలకీ మినహాయింపు. నడుంనొప్పులకు లేదు, భోజనాల వేళకి అవి ఎలాగూ తగ్గుతాయి.

దీన్ని అమలు చేయించే బాధ్యత గిలక బిగించే కమ్మరిది.

2009 మే 18

ఎడమ బొటనవేలి ముద్ర: గీతలు పడలేదని రాతగాడు మళ్ళీ మళ్ళీ అద్దించాడు. గీతలు మోకు తినేసింది. ఆ నల్లమచ్చే నా ముద్ర. కాదన్నవాళ్ళు వచ్చి మోకు పట్టి చూడాలి.

సాక్షులు:
రాతగాడు.
ట్యాంకరు డ్రైవరు. బావి ఊరితే తన బేరం పోతుందని తెలిసే సంతకం చేశాడు.