గొలుసు పట్టినవాడి తప్పు

నవంబరు 16

సోల్వీ అక్కకు,

నేనూ, నీ మనవడు టేట్, మా ముసలి కుక్కా ముగ్గురం కులాసా. ఆ ఎండల ఊళ్ళో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. ఇక్కడ మొక్కజొన్న కోతలైపోయాయి. నిన్న తొలిమంచు పడింది.

ముందు నీ ప్రశ్నల సంగతి. మోకాలు మూలుగుతూనే ఉంది. టేట్ తింటున్నాడా అని అడిగావు. తినడం కాదు, ఊడ్చేస్తున్నాడు. మొన్న పంది మాంసమూ బంగాళాదుంపలూ వండితే నాకు గిన్నె కడిగే భాగ్యమే మిగిలింది. ఇక, "అరవై మూడేళ్ళొచ్చినా కాలేజీ ఫుట్‌బాల్ ఆటల్లో ఆ పది గజాల కొలత గొలుసు పట్టుకుని పరుగులేమిట్రా?" అంటావు. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు, ఎలా మానను? ఊరందరికన్నా దగ్గరగా ఆట చూస్తాను, పైగా తినడానికి ఒక హాట్‌డాగ్ ఇస్తారు. షరతు ఒక్కటే: గొలుసు పట్టినవాడు ఎవరి పక్షమూ కాదు, నోరెత్తకూడదు.

ఈ ఏడు ఆ షరతు నా ప్రాణం తీసింది. వరసగా తొమ్మిది ఆటలు ఓడాం. మన కాలేజీ జట్టులో టేట్‌కిది ఆఖరి ఏడు. నాలుగేళ్ళలో పాపం ఒక్క గెలుపు ఎరుగడు. మంగలి లైల్ ప్రేక్షకుల మెట్ల మీంచి ఒకటే ఎగతాళి: "ఒరే ఆర్విడ్, మనాళ్ళకి పది గజాలు మరీ దూరమైపోతున్నాయిరా! ఆ గొలుసు వేడినీళ్ళలో ఉతుకు, కాస్త కుదించుకుపోద్ది!"

శనివారం పక్కూరి కాలేజీతో ఆఖరి ఆట. ఏమైందని ఫోనులో అడిగితే, "తాత రాస్తాడు, చదువుకో" అన్నాడటగా టేట్. ఎందుకో విను.

రెండు పాయింట్లు మనవే ఎక్కువ. ఇంకా ఒక్క నిమిషం ఉంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు దాటితే బంతి మన దగ్గరే ఉంటుంది, ఆట మనదే. మూడు అయిపోయాయి. నాలుగోసారి టేట్ బంతి పొట్టకు హత్తుకుని దూకి, ముగ్గురి కింద పడ్డాడు. అంపైర్ గొలుసు తెమ్మన్నాడు. లాగి చూస్తే బంతి గొలుసు చివరకన్నా రెండు వేళ్ళు ముందుకే ఉంది.

అక్కా, ఇక దాచలేను. గొలుసుకో క్లిప్పు ఉంటుంది. మైదానంలో తెల్లగీత వెనకంచు దగ్గర దాన్ని తగిలించాలి. కొలిచేటప్పుడు క్లిప్పును మళ్ళీ ఆ వెనకంచు మీదే పెట్టి గొలుసు లాగుతారు. గీత వెడల్పు నాలుగంగుళాలు. నేను గీతను చూడాల్సింది పోయి టేట్‌ను చూస్తూ, ముందంచు దగ్గర తగిలించాను; దాంతో కొలిచేటప్పుడు గొలుసు మొత్తం నాలుగంగుళాలు వెనక్కి జరిగింది. గొలుసు లాగాక గుర్తొచ్చింది. సరిగ్గా కొలిస్తే బంతి మూడు వేళ్ళు తక్కువ.

నోరు మూసుకుందామనే అనుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు మూసుకున్న నోరే కదా! బంతి మనదేనని అంపైర్ చెయ్యెత్తేదాకా మూసుకునే ఉన్నాను. అప్పుడుగాని, "ఆగండి సార్! క్లిప్పు తప్పు పెట్టాను. తప్పు నాదే" అనలేకపోయాను.

బంతి వాళ్ళ చేతికి పోయింది. "ఆ క్లిప్పేదో నీ నోటికి పెట్టుకోవాల్సిందిరా!" అని లైల్ గావుకేక పెట్టాడు. టేట్ నా వైపు చూడలేదు. వాళ్ళు రెండు విసుర్లలో సగం మైదానం తినేశారు. మూడు సెకన్లుండగా గోలుకు తన్నారు; పడితే మూడు పాయింట్లు, ఆట వాళ్ళదే. బంతి వెళ్ళి ఇనప స్తంభానికి టంగుమని తగిలి, వెనక్కి పడింది!

గెలిచాం అక్కా, గెలిచాం! నేను మాత్రం పళ్ళు బిగించుకుని కర్రలా నిలబడ్డాను. అంపైరే నవ్వాడు. "ఆట అయిపోయిందయ్యా మహానుభావా, ఇక అరుచుకో!" అన్నాడు. అప్పుడు అరిచాను. రెండు రోజులైనా గొంతు రాలేదు.

టేట్ వచ్చి, "తాతా, నీకసలు బుద్ధుందా?" అంటూ బురదతో సహా నన్నెత్తి గిరగిరా తిప్పాడు. "నాన్నమ్మకి ఇదంతా నువ్వే రాయాలి" అన్నాడు. రాశాను. చూపు తప్పి పొరపాటు చేశాను, దిద్దుకోవడానికీ ఆలస్యం చేశాను. ఆ ఆలస్యమే నన్ను తినేస్తోంది, క్షమించు.

ఇట్లు,
నీ మొద్దు తమ్ముడు
ఆర్విడ్

నాన్నమ్మా, అంపైర్ చెయ్యెత్తేదాకా తాత ఆగాడన్నది నమ్మకు. నేను ఆ పక్కనే నేలమీదున్నా. గొలుసు బిగిసీ బిగియకముందే అరిచేశాడు. అంపైర్ చెయ్యి అసలు లేవనే లేదు. — టేట్