బత్తాయి వాసన పువ్వులు

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్, దోహా

రత్నాకర్ బావకు,

ఫోన్ల చెప్తే రూమోళ్లందరు ఇంటరని, ఇంటికొస్తున్న చిరంజీవి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్న. నువ్వు ఇక్కడికి ఫ్లైట్ ఎక్కకముందే అందాలె.

నేను వంట చేసే తెల్లసారు వరల్డ్ కప్ స్టేడియం ఇంజినీరు. ఇంట్ల చాటుగ బీరు చేస్తడు. మనం కల్లు గీసేటోళ్లమని తెలిసి, ఏది బాగుంటదో చెప్పమని బీరుల ఏసేటియన్నీ నా ముంగట పెట్టిండు. మొలకల బార్లీల తక్కువ వేంచింది తీసిన. బీరుకు చేదు రావాలని ఏసే హాప్స్ అనే ఎండు పువ్వులల్ల బత్తాయి తొక్క వాసనొచ్చేది తీసిన. ఈ దేశమొచ్చినంక నన్ను ఒకలు సలహా అడిగింది అదే మొదలు. ఆ సంబురంలనే, ఆ పువ్వులు హైదరాబాద్‌ల కొనుక్కరమ్మని నీకు చెప్పిన.

నిన్న సారు డ్రైవర్ నిసార్ భాయ్ వంటింట్ల మిగిలిన పువ్వులు చూసి, "గంజాయా ఇది?" అని ఎనక్కి జరిగిండు. చూస్తే అట్లనే ఉన్నయి. అప్పటిసంది కూరల ఉప్పు ఎక్కువైతుంది, అన్నం మాడుతుంది. ఎయిర్‌పోర్ట్‌ల పువ్వులంటే నిన్నెవలు నమ్ముతరు? మనూరి మల్లన్న ఎవలో ఇచ్చిన మామిడికాయ తొక్కు డబ్బ తెస్తే అండ్ల గంజాయి దొరికింది. ఇంకా జైల్లనే ఉన్నడు.

ఆ పాకిట్ పొయ్యిల ఎయ్యి. అక్కకు చెప్పకు. తొక్కు డబ్బ నీ చేతులతోనే నింపుకో. ఎవలేమిచ్చినా తేకు బావా, నేను తెమ్మన్నా తేకు.

నీ బామ్మర్ది