దొరకైతే కళ, నాకైతే డూప్లికేట్

గురువారం రాత్రి, మెసైమీర్ లేబర్ క్యాంప్

ఒళ్ళు మండుతుంది, నిద్ర వస్తలేదు.

పొద్దున ముఐథర్ల ఒక విల్లాకు పెద్ద పెయింటింగ్ బిగించనీకి పోయినం. పాతకాలపు ఫ్రాన్స్ దొర, దొరసాని. తెల్ల పౌడర్ కొట్టిన జుట్టు, గులాబీ రంగు పట్టుగౌను, చుట్టూ పూలు. దొర కుర్చీల కూసున్నడు, దొరసాని పక్కన నిలబడి భుజం మీద చెయ్యేసింది. గోడకు ఎక్కించినంక విల్లా మేనేజర్ చెప్పిండు, బొమ్మ గీసేటప్పుడు దొర యుద్ధంల ఉండెనట, దొరసానిని గీసి ఆయనను తర్వాత కలిపిండ్రట. మా సూపర్‌వైజర్ "వాహ్, క్యా కారీగరీ!" అని ఆ పనితనాన్ని మెచ్చుకున్నడు.

గదే నోటితోని మొన్న నా ఫోన్ల ఫోటో చూసి "డూప్లికేట్ జోడీ" అని సైట్ అంతా నవ్విచ్చిండు గదా! నేనిక్కడ గల్ఫ్‌ల, నా పెండ్లాం రజిత అక్కడ ఊర్ల. జగిత్యాల స్టూడియోల నా పాస్‌పోర్ట్ ఫోటోల మొఖం తీసి, ఎవరి కోటుకో అతికిచ్చి ఆమె పక్కన కూసోబెట్టిండ్రు. దొరకు చేస్తె కారీగరీ, నాకు చేస్తె డూప్లికేటా? ఆ దొర కోటు సొంతదేనని ఎవలు చూసిండ్రు?

నాతోటి పనిచేసే సలీం భాయ్ "ఊకో తమ్మీ, యల్లా, నడువ్, పని జూడు" అన్నడు. ఎట్ల ఊకోవాలె?

ఇందాక రజితకు ఫోన్ల చెప్పిన. ఆమె నవ్వలే. "స్టూడియోల ఖాళీ కుర్చీ మీద చెయ్యేసి నిలబడుమన్నరు. నువ్వు కూసున్నవనుకొనే నిలబడ్డ" అన్నది.

ఒప్పుకుంట, కోటు నాది కాదు. కుర్చీల కూసున్నది నేను కాదు. గని నేనున్ననుకొని రజిత ఏసిన ఆ చెయ్యిని డూప్లికేట్ అన్నోన్ని...