పదకొండు కార్డులు, ఒకే చెయ్యి

కాల్దవెరె,
మే 12.

పౌర సాంకేతిక ఫెలోషిప్‌ల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కుమారి హెలెరి కూస్క్ గారి ఫెలోషిప్‌ను రద్దు చేయవద్దని, తప్పు నాదని తెలియజేయుట గురించి.

రేవు వీధి 6వ నంబరు భవనం, 14వ ఫ్లాటులో ఉంటున్న గృహిణి కైరె పొల్ద్‌సామ్ సవినయంగా చేసుకొను మనవి.

1. తమ ఫెలోషిప్ మీద హెలెరి ఆరు నెలలుగా మా ఊళ్లో ఉండి, ఊరి స్థలాలను ఏం చేయాలో ఊరివాళ్లే వాదించుకొని ఓటు వేసే వెబ్‌సైటు తయారుచేశారు. మా భవనం ఎదుటి ఖాళీ స్థలం మీద ఏప్రిల్‌లో తొలి ఓటింగు జరిగింది. బస్సు షెల్టరుకు 143, పదిమంది నిలబడి ఊగే పెద్ద చెక్క ఊయలకు 136 వచ్చాయి. మొత్తం ఓట్లలో పదకొండు ఇరవై రెండు నిమిషాల్లో ఒకే ల్యాప్‌టాప్ నుంచి పడ్డాయని, అది ఫెలోషిప్ వారి ల్యాప్‌టాపేనని కనిపెట్టి, తమకు రాసి పంపినది కూడా హెలెరియే. వృద్ధులు చాలామంది పాల్గొన్నారని చూపించుకోవడానికి ఆమే వాటిని వేసిందన్న అనుమానంతో శుక్రవారం కమిటీ ముందుకు రమ్మని తమరు నోటీసు ఇచ్చియున్నారు.

2. ఆ పదకొండు ఓట్లు వేసినది నేను.

3. ఎలా జరిగినదీ విన్నవిస్తాను. మా భవనంలో ప్రతి నెలా ఆఖరి రోజున ఎవరి నీటి మీటరు అంకె వాళ్లు కంప్యూటరులో ఎక్కించాలి. పెద్దవాళ్లకు అది కష్టం. అందుచేత పంతొమ్మిదేళ్లుగా నేనే తలుపు తలుపుకూ వెళ్లి, వాళ్ల గుర్తింపు కార్డు, పిన్ రాసిన చీటీ, మీటరు అంకె తెచ్చుకొని ఎక్కిస్తున్నాను. నా పుస్తకంలో ఇంతవరకు ఒక్క అంకె తప్పు పోలేదు. ఓటింగుకు ముందు హెలెరి తన ఫెలోషిప్ ల్యాప్‌టాప్ నాకిచ్చి, పెద్దవాళ్ల పక్కన కూర్చుని సాయం చేయమన్నారు. ఓటింగు చివరి రోజైన ఏప్రిల్ 30న కార్డులు ఎలాగూ నా దగ్గరే ఉన్నాయి. మీటరు అంకెలతో పాటు, అవే కార్డులు, పిన్‌లతో ఓట్లు కూడా ఎక్కించేశాను. షెల్టరు అందరికీ పనికొస్తుందనుకున్నాను. ఒక్కొక్కరినీ అడగవచ్చును. అడిగితే కాఫీ ఇస్తారు, కాఫీ తాగితే గంట పడుతుంది. ఆ సమయానికి ఓవెన్‌లో నా రబార్బ్ కాడల కేకు ఉంది. ఇరవై రెండు నిమిషాలకు కారణం అదే. కేకు మాడలేదు.

4. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. సాయం చేసేవాళ్లందరికీ లైబ్రరీలో హెలెరి ఒకే ఒక్క నియమం పెట్టారు: "వాళ్లు ఎంతసేపు తీసుకున్నా సరే, మౌస్ ముట్టుకోకండి. చేతులు ఒళ్లో పెట్టుకోండి." నేను నవ్వి, "అలా అయితే క్రిస్మస్‌కి గానీ తేలదు అమ్మాయ్!" అన్నాను. "అయితే క్రిస్మస్‌కే తేలనివ్వండి కైరె గారూ" అన్నారామె.

5. ఈ అంశం ఇంకా ముందు రావలసినది. రాయలేక వెనక్కి నెట్టుకుంటూ వచ్చాను. మూడో ఫ్లాటులో ఎండెల్ రోహుమా గారికి ఎనభై ఆరేళ్లు. నాకు చెప్పకుండా మూడు బుధవారాలు లైబ్రరీకి వెళ్లి, హెలెరి దగ్గర ఓటు వేయడం నేర్చుకున్నారట. చివరి రోజు సాయంత్రం, నేను కార్డు తిరిగి ఇచ్చాక, మంచి చొక్కా వేసుకొని కంప్యూటరు ముందు కూర్చుంటే, "మీరు ఇదివరకే ఓటు వేశారు" అని వచ్చిందట. మర్నాడు మెట్ల మీద నన్ను ఆపారు.

"కైరె, నేను ఓటు వేసేశానట. నాకు గుర్తే లేదు. మా అన్నకి కూడా ఇలాగే మొదలైంది తెలుసా?"

"అలసిపోయి ఉంటారు, పడుకోండి" అన్నాను నేను. అయ్యా, నేనన్న మాట అంతే. అలా తొమ్మిది రోజులు ఊరుకున్నాను. ఆ తొమ్మిది రోజుల్లో ఆయన డాక్టరు దగ్గరికి వెళ్లి, మతిమరుపు పరీక్ష కోసం గడియారం బొమ్మ గీసి చూపించి వచ్చారు.

6. నోటీసు సంగతి తెలిసి హెలెరి దగ్గరికి పరుగెత్తాను. "ఆ ల్యాప్‌టాప్ నా దగ్గరుందని చెప్పలేదేం తల్లీ?" అన్నాను.

"అది మీరు చెప్పాల్సిన మాట. మీ బదులు నేను చెప్పేస్తే, మీరు చేసిందానికీ దానికీ తేడా ఏముంది?" అన్నారు. ఆమె పెట్టె అప్పటికే సగం సర్ది ఉంది.

7. నిన్న ఎండెల్ గారి తలుపు తట్టి అంతా చెప్పాను.

"అంటే నా బుర్ర బాగానే ఉందన్నమాట."

"బాగానే ఉందండీ."

"దేనికి వేశావు?"

"షెల్టరుకి."

"షెల్టరా! బస్సెక్కి నేనెక్కడికి పోవాలే? ఊయలైతే ఎవరో ఒకరు ఊగుతుంటే కిటికీలోంచి చూసుకుందును కదా." నేను వెంట తెచ్చిన మీటరు అంకెల పుస్తకం ఆయన బల్ల మీద ఉంది. దాన్ని వేలితో నా వైపు తోసి, "ఇన్నేళ్లూ నీళ్లెన్ని వాడానో అడిగావు. ఇది మాత్రం అడగలేకపోయావు" అన్నారు.

కావున తమరు దయతో
(అ) హెలెరి గారి ఫెలోషిప్‌ను కొనసాగించి, ఆమె మీద పడిన మచ్చ తొలగించవలెను;
(ఆ) ఆ పదకొండు ఓట్లను కొట్టివేసి, ఆ పదకొండుమందినీ మళ్లీ అడిగించవలెను. అడగడానికి నన్ను పంపవద్దు;
(ఇ) నాకు విధించదగిన శిక్ష ఏదైనా విధించవలెను. శుక్రవారం కమిటీ గది బయట ఉంటాను.

ఆ పదకొండుమంది పేర్లు వారి అనుమతి అడిగాకనే జతపరుస్తాను. ఇంతవరకు ఏడుగురిని అడిగాను, ఏడు కాఫీలు తాగాను. తమరు దీనిని చిత్తగించవలెనని వేడుకొంటూ, ఆలస్యంగానైనా నిజం చెప్పుకుంటున్న

తమ విధేయురాలు,
కైరె పొల్ద్‌సామ్

తా.క.: ఈ అర్జీని ఎండెల్ గారికి చదివి వినిపించాను. ఒక మాట చేర్చాలన్నారు. చెప్పండి, రాస్తానన్నాను. కలం నా చేతిలోంచి లాక్కున్నారు. ఒక్క వాక్యానికి పావుగంట పట్టింది. అంతసేపూ నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి. కింద వంకరగా ఉన్నది ఆయన దస్తూరీ.

నాకు ఊయల కావాలి. ఎండెల్ రోహుమా.