కీర్తన గీయని నెమలి

శనివారం రాత్రి

మా చిన్న చెల్లెలు శాంత డ్రాయింగ్ నేర్పే మొయినాబాద్ బడిలో ఈరోజు పిల్లల బొమ్మల ప్రదర్శన. గోడలకు అతికించడానికి నేనూ వెళ్లాను. తల్లిదండ్రులు మెచ్చకపోతే తన ఉద్యోగం ఉండదని, బొమ్మలన్నీ శాంతే గీసి కింద పిల్లల పేర్లు రాసింది.

మూడో తరగతి కీర్తన పేరుతో ఉన్న నెమలిని చూసి వాళ్లమ్మ మురిసిపోయింది.

"గిది నాది కాదు మమ్మీ. నేను కోడిని గీసిన," అంది పిల్ల.

శాంత నవ్వుతూనే చాక్‌పీసు అందించింది. "గట్లనా బంగారం? గా కోడిని బోర్డు మీద గియ్యి, అందరం చూస్తం."

కీర్తన నాలుక కొరుక్కుంటూ శ్రద్ధగా గీసింది.

"గిది కోడా, ఆలుగడ్డనా?" అంది శాంత. పెద్దవాళ్లంతా నవ్వారు. వాళ్లమ్మ పిల్ల జబ్బ గిల్లింది. "ఇజ్జత్ తియ్యకు. నెమలి నేనే గీసిన అని చెప్పు."

"నేనే గీసిన," అంది కీర్తన. చప్పట్లు కొట్టారు. నా చేతిలో గమ్ము డబ్బా ఉంది, లేకుంటే నేనూ కొట్టేదాన్నేమో.

ఇందాక ఇంట్లో రాత్రి ప్రార్థనలో శాంత, "అంతా మంచిగ నడిపించినవ్ ప్రభువా, స్తోత్రం," అని కళ్లు తెరిచింది. "ఆమెన్ అనవేందక్కా?"

అన్నాను. ఆ పిల్ల "నేనే గీసిన" అన్నట్టే అన్నాను.