పదకొండు సెకన్ల నవ్వు

హాంబుర్గ్ నగరం బార్మ్‌బెక్ పేటలో మూడో అంతస్తు కాపురస్తుడు, సౌండ్ ఎడిటర్‌గా పనిచేసి రిటైరైన హిన్రిక్ టీడెమాన్ అనే నేను, డెబ్బై ఏడేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, స్థిరచిత్తంతో, స్వహస్తంతో రాసుకున్న వీలునామా ఏమనగా: గుండె బాగాలేదని డాక్టరు తేల్చేశాడు. బుర్ర బాగానే ఉంది. చెవులు అంతకంటే బాగున్నాయి, నేను అన్నం తిన్నది వాటి వల్లనే. గతంలో రాసిన వీలునామా ఇకపై చెల్లదు. ఒకటే రాశాను, అదీ కోపంలో.

1. దీన్ని అమలు జరిపించే బాధ్యత ఎల్కె బ్రామర్‌కు అప్పగిస్తున్నాను. ఎడిటింగ్ గదిలో నా పక్కన కూర్చుని ఏళ్ల తరబడి టేపు కోసి అతికించిన మనిషి. నా హెడ్‌ఫోన్లు, బ్లేడ్ల పెట్టె ఆమెకే. కుర్చీ కూడా తీసుకోవచ్చు, కానీ దాని కిర్రుమనే చప్పుడును బాగుచేయించకూడదు.

2. మా అన్న కొడుకు డెట్లెఫ్‌కు ఇంట్లోని సామానూ, బ్యాంకులో మిగిలిందీ దఖలు పరుస్తున్నాను. పదకొండేళ్ల కిందట అతను రెండు రోజులకని పట్టుకెళ్లిన నిచ్చెన కూడా ఇకమీదట సర్వహక్కులతో అతనిదే. నన్ను చూసి వీధి దాటాల్సిన పని లేదు.

3. కూనో ఆరెన్స్‌కు మొదటి ఎపిసోడ్ టేపు, నవ్వులు అతికించకముందుది. కూనో అంటే ఒకప్పుడు ప్రతి శనివారం సాయంత్రం దేశంలోని పిల్లలందరికీ టీవీలో కనిపించిన ‘ప్లిచ్ మామ’. కుళాయి బాగుచేస్తానని వచ్చి ఇల్లంతా ముంచే ప్లంబరు. స్టూడియోకు తెచ్చిన పిల్లలు లైట్లకు జడిసి బిగుసుకుపోయేవాళ్లు. తర్వాత నేనే గదిలో కూర్చుని, డబ్బాల్లో దాచిన నవ్వులు తీసి అతికించేవాణ్ణి. అయ్యగారు మాత్రం పేపర్లవాళ్లతో, “నా మొహం చూస్తే చాలు, పిల్లలు పగలబడి నవ్వుతారు” అని చెప్పుకునేవాడు. ఆ టేపు ఒంటరిగా కూర్చుని, ఆపకుండా చివరిదాకా వినాలని నా కోరిక.

ఇది రాశాక మనసు పీకింది. మా పాపను పూడ్చిన రోజు వానలో అందరూ ఓదార్చడానికి ఏదో ఒకటి మాట్లాడారు. అతనొక్కడే నోరు మెదపకుండా నా పక్కన నిలబడ్డాడు. అందువల్ల నా మంచి గొడుగు కూడా అతనికే. టేపు సంగతి మాత్రం కొట్టేయను.

4. ఇక అసలు ఆస్తి. 1972లో, చలి మొదలయ్యే రోజుల్లో, ఒక ఆదివారం మా పాప వీబ్కెను స్టూడియోకు తీసుకెళ్లి మైకు ముందు కూర్చోబెట్టాను. ఆరేళ్లది. పదకొండు సెకన్ల నవ్వు దొరికింది. మొదట ముక్కులోంచి చిన్న చప్పుడు వస్తుంది, ఆపుకోవాలని చూస్తుంది, ఆపుకోలేక విరుచుకుపడుతుంది, చివర్లో ఎక్కిళ్లు. మరుసటి ఫిబ్రవరిలో మెదడువాపు జ్వరంతో వీబ్కె నాలుగు రోజుల్లో పోయింది.

తర్వాతి సోమవారం పనికి వెళ్లాను. ప్లిచ్ మామ బకెట్లో కాలు పెట్టి పడ్డాడు, అక్కడ నవ్వు కావాలి. డబ్బాల్లో బోలెడు నవ్వులున్నాయి. నా చెయ్యి ఆ టేపు మీదికే పోయింది. సీరియల్ ఆగిపోయేదాకా, ఏ వారమూ తప్పకుండా, ఎక్కడో ఒక చోట ఆ నవ్వు పెట్టాను. “ఈ పిల్లెవరు సార్? ఎప్పుడూ ఈ నవ్వే వేస్తారు?” అని ఎల్కె అడిగితే “తెలీదు” అన్నాను.

అది తెలిసిన దగ్గర్నుంచీ నా భార్య గేషె మా ఇంట్లో టీవీ పెట్టనిచ్చేది కాదు. ఆ నవ్వు తీసేశానని ఆమెకు చెప్పాను. 1975 వేసవిలో ఒక శనివారం, వాడ మధ్య ఖాళీ స్థలంలో ఆమె బట్టలు ఆరేస్తోంది. ఉక్కకు అందరూ కిటికీలు తెరుచుకున్నారు. ఐదున్నర దాటాక నాలుగు వైపుల నుంచీ, అన్ని ఇళ్లలోంచీ, వీబ్కె ఒక్కసారే నవ్వింది. గేషె తడి దుప్పటి చేత్తో పట్టుకుని ఒక్కొక్క కిటికీ వైపూ తిరిగింది. నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను. మెట్లెక్కి వచ్చి, “దాన్ని ఇంటింటికీ పంచిపెట్టావు కదయ్యా! కన్నదానికి మాత్రం తీసేశానని చెప్పావు!” అంది. ఆ వారంలోనే హూసుమ్‌లో ఉన్న తన అక్కగారింటికి వెళ్లిపోయింది. విడాకులు ఇద్దరమూ అడగలేదు.

ఇప్పుడు ఆ పాత ఎపిసోడ్లు ఫోన్లలో వస్తున్నాయట. ఎక్కడ, ఏ క్షణాన నవ్వుతుందోనని భయం. నవ్వకపోతే ఇంకా భయం. కిందటేడు రైల్లో ఎవరో చంటిదాని చేతిలోని ఫోన్లోంచి నవ్వింది. నా స్టేషన్ దాటిపోయినా దిగలేదు, వాళ్లు దిగితే వెనకాలే నడిచాను. ఆ తల్లి బెదిరిపోయి “ఏం కావాలి తాతా?” అంది. “ఇంకాసేపు ఆపకుండా ఉంచమ్మా” అన్నాను. నేను ముసలివాణ్ణయ్యాను, వీబ్కెకు ఇంకా ఆరేళ్లే. మా ఇద్దరిలో ఎవరు ఎవర్ని పట్టుకున్నారో నాకే తెలియడం లేదు.

5. గేషె, ఇది నీకు. పాప పోయాక “అది దేన్ని చూసి అంతలా నవ్వింది?” అని అడిగావు. “ప్లిచ్ మామను చూసి” అన్నాను. అబద్ధం. తెర మీద వేసి చూపించిన కూనో వేషాలకు దానికి ఆవలింతలొచ్చాయి. అప్పుడే నువ్వు భోజనానికి పిలవడానికి స్టూడియోకు వచ్చావు, టేపు తిరుగుతోందని నీకు తెలీదు. పేపరు మొహం మీద కప్పుకుని నేనెలా నిద్రపోతానో చేసి చూపించావు. గురక, గురక చివర ఈల, ఉలిక్కిపడి లేచి “నేను నిద్రపోలేదే!” అనడం. వీబ్కె నవ్వింది నిన్ను చూసి. టేపులోంచి నీ గొంతు కోసేసి నవ్వు మటుకు ఉంచుకున్నాను. ఆ రోజుకు అది నా పని. నువ్వు అడిగాక కూడా చెప్పకపోవడం దొంగతనం. చెబితే ఆ నవ్వు నీదైపోతుందనీ, నాకంటూ ఏమీ మిగలదనీ భయపడ్డాను.

కోసిన ముక్కలు పారేయలేదు. బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. మొన్న గురువారం ఎల్కె వాటిని వాటి చోట అతికించింది. “అతుకు వినబడితే నన్నడగండి” అంది. వినబడలేదు. నవ్వు తర్వాత నేను కోసేసిన ఇంకో ముక్క కూడా ఉంది, అది నేనే మర్చిపోయాను. “అమ్మా, ఇంకోసారి! నాన్నలాగా ఇంకోసారి!” అంటుంది వీబ్కె. “చాల్లేవే, బఠాణీ సూపు చల్లారిపోతోంది” అంటావు నువ్వు. తలుపు చప్పుడు. అంతే.

ఆ టేపు, అది వినడానికి మెషీనూ నా తదనంతరం నీకు దఖలు పరుస్తున్నాను.

6. పై క్లాజులో ‘నా తదనంతరం’ అన్న మాట రద్దు చేస్తున్నాను. ఎల్కె చదివి హూసుమ్‌కు ఫోన్ చేసింది. గేషెకు ఎడమ చెవి పూర్తిగా పోయిందనీ, రెండోది ఈ వేసవి దాకా ఉంటే గొప్పేననీ అక్కగారు చెప్పిందట. ఫోన్ పెట్టేసి ఎల్కె నా మీద అరిచింది: “మీరు పోయేదాకా ఆవిడ చెవి ఆగుతుందా సార్? వీలునామా అట, వీలునామా! లేచి కోటు వేసుకోండి!” ఇన్నేళ్లలో ఆమె నా మీద గొంతు పెంచడం ఇదే మొదలు.

కాబట్టి ఈ ఒక్క క్లాజునూ నేనే, బతికుండగానే, అమలు చేస్తాను. మెషీన్ బరువు, అందుకని ఎల్కె కారు తెస్తోంది. గేషె తలుపు తీయకపోతే టేపు గుమ్మం దగ్గర పెట్టి వచ్చేస్తాను. తీస్తే, ముందు టేపు వినిపిస్తాను. ఆ తర్వాత ఒక్కటే అడుగుతాను. పాప అడిగిన ఆ ఇంకోసారి చెయ్యి గేషె. నాకు చేతకాదు. నేను ఎలా నిద్రపోతానో నేనెప్పుడూ చూడలేదు.

చదువుకుని, సమ్మతించి చేసిన సంతకం.
హాంబుర్గ్, 2014 మార్చి 10, సోమవారం ఉదయం.

(సంతకం) హిన్రిక్ టీడెమాన్

సాక్షులు:
1. ఎల్కె బ్రామర్.
2. మెటా ల్యూర్స్, కింది వాటా. సంతకం చేసేటప్పుడు ఆయన పూర్తి తెలివిలో ఉన్నారని ధ్రువీకరిస్తున్నాను. కోటు తొడుక్కుని, చంకలో ఇవాళ్టి పేపరు పెట్టుకుని ఉన్నారు.